పైపు దారిలో పడ్డ నీళ్ళు

మా పడమటి నెల్లూరులో ఎవరైనా చేలో ఇనుప కడ్డీ దిగ్గొడితే చూసేవాళ్ళకు తోచేది ఒక్కటే, నీళ్ళు. ఆ మనిషి టెంటు కట్టుకుంటున్నాడో, బర్రెను కట్టేస్తున్నాడో మాకు అనవసరం. పక్కన వైర్లూ, ముల్లు కదిలే పెట్టే కూడా ఉంటే ఇక చెప్పేదేముంది, చుట్టుపక్కల చేల వాళ్ళంతా వచ్చి చేతులు కట్టుకుని నిలబడతారు. ఎండిపోయిన బోర్లను చూసి చూసి పట్టుకున్న జబ్బు ఇది. నవ్వేవాళ్ళు ఒక వేసవి ఇక్కడ ఉండి చూసి అప్పుడు నవ్వాలి.

ఆత్మకూరులో పుట్టి పెరిగిన సాయిరాకు ఈ సంగతి తెలిసి ఉండాల్సింది. తెలియలేదు. వాళ్ళ నాన్న ఖలీలుల్లా బస్సు డిపోలో మెకానిక్కు. సెంటు పొలం లేదు. పొలమే లేనివాళ్ళకు బోర్ల బాధ ఎలా తెలుస్తుంది? డిప్లొమా చదివి గ్యాసు పైపులైను కంపెనీలో ఉద్యోగానికి చేరింది. ఆత్మకూరు దాకా వచ్చిన లైనును ఉదయగిరి వరకు పొడిగించాలని కంపెనీ ప్లాను వేస్తోంది. పైపు ఏ దారిన పోవాలో కొలిచి చూడటం, తర్వాత ఆ ఊళ్ళవాళ్ళతో మాట్లాడటం ఆమె పని. చురుకైన పిల్లే గానీ కోపం ముక్కు మీదే ఉంటుంది. ఎవరైనా రెండోసారి అదే ప్రశ్న అడిగితే మొహం మాడ్చుకుంటుంది.

ఉదయగిరి రోడ్డు నుంచి కొంచెం లోపలికి పోతే నల్లగుంటపల్లె. ఊరి చివర ఒక పక్క కాలనీ ఇళ్ళు, ఇంకో పక్క రాఘవమ్మ నిమ్మతోట. రెంటికీ మధ్య బీడు పట్టిన నేల ఒకటి సన్నగా పొడుగ్గా ఉంది. అదీ రాఘవమ్మదే. దారి గీసిన ఇంజనీరు రాజా ఆ బీడును చూసి తెగ మురిసిపోయాడు. ఇళ్ళకు దూరం, చెట్టు కొట్టే పని లేదు. గీత అక్కడే గీశాడు. ఆయనది ఇంకో పద్ధతి కూడా ఉంది. దారి ఖాయమయ్యేదాకా ఊళ్ళో ఎవరికీ ఏమీ చెప్పకూడదు, చెబితే గోల మొదలవుతుంది అంటాడు. గోల ఎప్పుడో ఒకప్పుడు తప్పదు కదా అని సాయిరాకు అనిపించింది. అయినా కొత్త ఉద్యోగం, నోరు మూసుకుంది.

ఆ బీడులో ఆమె చేసింది మట్టి పరీక్ష. నాలుగు కడ్డీలు వరుసగా దిగ్గొట్టి, వైర్లు తగిలించి, పెట్టెలో అంకె చూడాలి. మట్టిలో తడి ఎక్కువుంటే ఇనుప పైపు తొందరగా తుప్పు పడుతుంది. అలాంటి చోట పైపు పైపూత మందంగా వెయ్యాలి. అంతే పని. కానీ నిమ్మచెట్ల మధ్య నుంచి రాఘవమ్మ వచ్చి నిలబడింది. అరవై దాటిన మనిషి, కొంగు నడుముకు బిగించి ఉంది.

"ఏంది పాపా చూస్తుండారు?"

"నేలలో తడి యాడ ఎక్కువుండాదో చూస్తుండాం అవ్వా. ఈ మిషన్ చెప్తాది."

"చెప్పినాదా?"

"చెప్పినాది. ఇంత దూరంలో ఈడనే ఎక్కువుండాది."

నిజమే చెప్పింది. తుప్పు సంగతి కూడా చెప్పేదేమో, ఇంతలో రాజా ఫోను చేశాడు. ఆమె మాట్లాడుతూ జీపు వైపు నడిచింది. కూలీలు అక్కడే ఒక మేకు దిగ్గొట్టి, తలకు ఎర్ర రంగు పూసి వెళ్ళిపోయారు. అది పైపు నడిమధ్య గీతకు గుర్తు. బోరు ఎక్కడ వెయ్యాలో చూసి పాయింటు పెట్టేవాళ్ళు కూడా సరిగ్గా అలాంటి గుర్తే పెట్టి పోతారన్న మాట ఆమెకు ఎవరూ చెప్పలేదు.

రాఘవమ్మ ఆ మేకు చుట్టూ తిరిగింది. ఆమె తోటలో వేసిన బోర్లన్నీ ఒట్టివైపోయాయి. మొగుడు బతికుండగా కడవలతో నీళ్ళు మోసి పెంచిన చెట్లు కొసల నుంచి ఎండిపోతున్నాయి. కొడుకు పెంచలప్రసాద్ లారీ తోలతాడు. చెట్లు పెరికించి జామాయిల్ పెడదామని ఏడాదిగా పోరుతున్నాడు. ఆమె కాదనీ అనలేదు, సరే అనీ అనలేదు. ఆ రాత్రి కొడుకు అన్నం తింటుండగా మాత్రం తేల్చి చెప్పేసింది.

"ఇంకొక్క బోరు వేస్తానురా. గవర్మెంటోళ్ళు మిషన్ పెట్టి పాయింటు చూపించి పొయినారు. ఇది గూడా ఒట్టిదైతే నీ ఇష్టం, తోటంతా పెరికెయ్."

ఉన్న రెండు బర్రెల్నీ అమ్మేసింది. బోరు బండి వచ్చింది. సాయంత్రం దాకా తెల్లదుమ్మే లేచింది. పెంచలప్రసాద్ దూరంగా కూర్చుని తలపట్టుకున్నాడు. పొద్దు వాలేటప్పుడు దుమ్ము బురదైంది, బురద నీళ్ళైంది, నీళ్ళు బండి ఎత్తున లేచి అక్కడున్న వాళ్ళందరినీ తడిపేశాయి. కాలనీ ఆడవాళ్ళు పరుగెత్తుకొచ్చి బురదనీళ్ళే దోసిళ్ళతో ముఖాన కొట్టుకున్నారు. రాఘవమ్మ ఆ నీళ్ళ కిందే చాలాసేపు నిలబడిపోయింది. ఆమె ఏడుస్తోందో నవ్వుతోందో అంత నీళ్ళలో ఎవరికి తెలుస్తుంది?

మా వైపు ఒక మర్యాద ఉంది. నీళ్ళు పడితే, పాయింటు పెట్టిన మనిషికి కొత్త బట్టలూ తాంబూలమూ ఇచ్చి, తేటపడ్డ మొదటి నీళ్ళు తాగించాలి. అది కాకుండా మోటారు దించరు. రాఘవమ్మ వాళ్ళనూ వీళ్ళనూ అడిగి సాయిరా ఇల్లు కనుక్కుంది. ఆదివారం పొద్దున కొడుకును వెంటబెట్టుకుని, ఒక చేతిలో స్టీలు క్యాను, ఇంకో చేతిలో సంచీతో ఆత్మకూరు బస్సు ఎక్కింది.

తలుపు తీసింది సాయిరా తల్లి కరీంబీ. గుమ్మంలో ఎవరో పెద్దావిడ. వెనక ఇస్త్రీ చొక్కా వేసుకున్న కొడుకు. సంచీలో చీర, గాజులు, అరటిపళ్ళు. ఏ సంబంధం తాలూకో ఇల్లు తప్పిపోయి వచ్చారని ఆమె అనుకుంది.

"ఎవురింటికి వచ్చినారక్కా?"

"మీ ఇంటికే. మీ పాప చెయ్యి మంచి చెయ్యి. పాయింటు పెట్టిందో లేదో గంగమ్మ ఎగిరొచ్చినాది. ఈ నీళ్ళు మీరంతా ఒక గుక్క తాగాల."

కరీంబీకి సగమే అర్థమైంది. అయినా బిడ్డను పొగిడే మనిషిని ఏ తల్లి గుమ్మంలో నిలబెడుతుంది? లోపలికి తీసుకొచ్చి కుర్చీ వేసి, గ్లాసులు తెచ్చి, అల్లా పేరు తలుచుకుని తాను తాగింది, మొగుడికీ పోసింది. ఖలీలుల్లా తాగి, "తియ్యగా ఉండాయి నీళ్ళు" అన్నాడు. అంతలో సాయిరా తలకు తువ్వాలు చుట్టుకుని బయటికి వచ్చింది. రాఘవమ్మ లేచి ఆమె నుదుట బొట్టు పెట్టబోయి, ఆగి, చేతిలో చీర పెట్టింది.

"నువ్వు చూపించినావే, ఆ మేకు మిందనే వేసినాను. అంగుళం గూడా అటూ ఇటూ పోనీలేదు."

సాయిరాకు అప్పుడు తెలిసింది. మేకు మీద అంటే గీత మీద. గీత మీద అంటే పైపు మీద. గ్లాసు చేతికిస్తే తాగేసింది. కాసేపు నీళ్ళు నమిలి, ఇక తప్పదని ఉన్నదంతా చెప్పింది. వాళ్ళది గవర్నమెంటు కాదు, పైపు కంపెనీ. మిషన్ చూసింది బోరు కోసం కాదు, పైపు తుప్పు కోసం. ఆ బీడులో గ్యాసు పైపు వస్తుంది. పొలం ఎవరిదీ పోదు, పైపు పూడ్చాక పైరు పెట్టుకోవచ్చు. కానీ పైపుకు రెండు వైపులా కొంత పట్టీలో చెట్టూ ఇల్లూ బోరూ ఉండకూడదు.

పెంచలప్రసాద్ చేతిలో అరటిపండు అలాగే ఉండిపోయింది. రాఘవమ్మ మాత్రం క్యాను మూత బిగించింది. తర్వాత అంది.

"మీ మిషన్ దేన్ని చూస్తే నాకేంది పాపా? నీళ్ళు పడినాయి గదా."

"పడినాయి అవ్వా. కానీ పూడ్చెయ్యమంటారేమో."

ఆ మాట విన్నాక రాఘవమ్మ ముఖంలో నవ్వు పోయింది. చీర మాత్రం వెనక్కి తీసుకోలేదు. "నీళ్ళు చూపించినావు. నీకు ఇయ్యాల్సింది ఇచ్చినాను," అని లేచింది. వాళ్ళు వెళ్ళాక సాయిరా ఆ చీర ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు ఊరికే కూర్చుంది. తన మీద తనకే అసహ్యం వేసింది. రాజా మీద కోపం వచ్చింది. మర్నాడు ఆయనకు బోరు సంగతి చెప్పబోతే ఆయన అప్పటికే విని మండిపడుతున్నాడు. ఆమె మాట సగంలోనే తుంచేసి, "ఊళ్ళో మీటింగు పెట్టండి. ఈ ముసలామె సంగతి అక్కడే తేలుద్దాం" అన్నాడు.

మీటింగు బడి వరండాలో. ఊరంతా వచ్చింది. రాజా గోడకు పైపు దారి పటం తగిలించాడు. పక్కన కుర్చీలో రాఘవమ్మ బావ ఆదినారాయణ కూర్చున్నాడు. ఆమె మొగుడికి అన్న, ఒకప్పుడు సర్పంచి. ఇప్పుడు పదవి లేకపోయినా ఊళ్ళో ఏ కుర్చీ వేసినా మొదట ఆయనే కూర్చుంటాడు.

రాజా సూటిగానే మొదలుపెట్టాడు. "మేము గుర్తు పెట్టిన మేకు మీదే బోరు వేశారు. ఇంత పొలం ఉండగా సరిగ్గా అక్కడే ఎందుకు వేశారు? నష్టపరిహారం ఎక్కువ రాబట్టాలనేగా? ఇలాంటివి మేము చాలా చూశాం. ఆ బోరు పూడ్చేస్తాం."

రాఘవమ్మ లేచి నిలబడి కొడుకు వైపు చూసింది. నిందలంటే ఆమెకు అలవాటు లేదు. పెంచలప్రసాద్ చొక్కా చేతులు పైకి మడుస్తున్నాడు. అప్పుడు సాయిరా లేచింది.

"సార్, ఆమె కావాలని వెయ్యలేదు. తడి ఈడనే ఉండాదని ఆమెకు చెప్పింది నేనే."

వరండాలో ఒక్కసారి గొణుగుడు లేచింది. సాయిరా జరిగిందంతా చెప్పుకొచ్చింది, కడ్డీలూ, ఫోనూ, చీరా, ఇంట్లో తాగిన నీళ్ళూ అన్నీ. కొందరు పకపకా నవ్వారు. నవ్వినవాళ్ళలో సగం మంది అంతకు ముందే తమ చేలల్లోని ఎర్ర మేకుల దగ్గర బోరు వెయ్యడానికి బండివాడితో మాట్లాడుకుంటున్నారు. ఆ సంగతి గుర్తొచ్చి తొందరగానే ఆపేశారు.

"ఇదంతా నాకు ముందే ఎందుకు చెప్పలేదు?" అన్నాడు రాజా. గొంతు కొంచెం తగ్గింది.

"చెప్పబోతే మీరు వినలా. ఊళ్ళోవాళ్ళకు ఏమీ చెప్పొద్దని గూడా మీరే అంటిరి. మొదటిరోజే చెప్పుంటే ఆమె బర్రెలు అమ్ముకునేది గాదు. ఉద్యోగం తీసేస్తే తీసెయ్యండి సార్. ఆమెను మాత్రం దొంగ అనొద్దు."

రాజా చెడ్డవాడు కాదు. అందరి ముందూ మాట పడటం ఎవరికైనా కష్టమే. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. తర్వాత రాఘవమ్మ వైపు తిరిగి, "అమ్మా, ఆ మాట అనకుండా ఉండాల్సింది" అన్నాడు. ఊరు ఊపిరి తీసుకుంది. కానీ చిక్కు అలాగే ఉంది. మాట వెనక్కి తీసుకుంటే బోరు పక్కకు జరగదు కదా.

"బోరు ఉండాలంటే పైపు జరగాలి," అన్నాడు రాజా పటం మీద వేలు పెట్టి. "ఇటు జరిపితే కాలనీ ఇళ్ళకు దగ్గరవుతుంది. రూలు ప్రకారం ఆ మిగిలే దూరం చాలు, అభ్యంతరం లేదు. అటు జరిపితే తోట మధ్యలో పడుతుంది."

"దానికింత ఆలోచన దేనికి?" అన్నాడు ఆదినారాయణ. "కాలనీ పక్కకు జరపండి. వాళ్ళను నేను ఒప్పిస్తాను."

"ఎట్ట ఒప్పిస్తారు పెద్దయ్యా?" వెనక నుంచి కాలనీ జయశ్రీ గొంతు వినిపించింది. ఆమె చంకలో బిడ్డ ఉంది. "గ్యాసు పైపు మా గోడల కాడికి వస్తే మేం నిద్ర పోవాల్నా వద్దా? మేం ఒప్పుకోం. బోరు పూడిస్తే గూడా ఒప్పుకోం. అవ్వ మోటారు దించినప్పటి నించీ మేం ఆ నీళ్ళే తాగుతుండాం."

"మరి పైపు ఎక్కడ వెయ్యమంటావమ్మా, ఆకాశంలోనా?" అన్నాడు రాజా.

"అది చదువుకున్నోళ్ళు చూసుకోవాల."

ఈసారి నవ్వులో రాజా కూడా కలిశాడు. నవ్వు అయిపోయాక అందరి చూపూ రాఘవమ్మ మీదికి పోయింది. ఆమె పటం దగ్గరికి నడిచింది. పటం చూడటం ఆమెకు రాదు. సాయిరాను పిలిచి, ఏది బీడో, ఏది తోటో, ఏవి ఇళ్ళో వేలు పెట్టి చూపించమంది. చూసి, కాలనీ ఉన్న చోట అరచెయ్యి ఆనించింది.

"ఇటు వొద్దు బావా. ఆ ఇండ్లల్లో పిల్లకాయలు పండుకుంటారు. నా నీళ్ళ కోసం వాళ్ళను భయపెట్టి నేను ఆ దోవన ఎట్ట తిరిగేది?" తర్వాత సాయిరాతో అంది. "తోట మధ్యలో అంటే యా సాళ్ళు పోతాయి పాపా?"

సాయిరా చెప్పలేక చెప్పింది. బాట పక్కనుంచి మొదలయ్యే సాళ్ళు, అన్నిటికంటే పాతవి. రాఘవమ్మ మొగుడు మొదట పెట్టినవి.

"నాయన పెట్టిన చెట్లమ్మా అవి," అన్నాడు పెంచలప్రసాద్. తోటంతా పెరికేద్దామని ఏడాదిగా పోరినవాడే ఇప్పుడు పటానికి అడ్డం వచ్చి నిలబడ్డాడు.

"నాకు తెలీదా? గుంట నేను తవ్వినాను, మొక్క ఆయన పెట్టినాడు." రాఘవమ్మ కొడుకు భుజం మీద చెయ్యి వేసింది. "నీళ్ళుంటే చెట్లు మళ్ళా పెట్టుకుంటాం రా. నీళ్ళు లేకుండా ఉండే చెట్లను ఏం చేసుకుంటాం, కట్టెలు కొట్టుకుంటామా? ఇంజనీరయ్యా, తోటలోనించి పోనీ. నా బోరు జోలికి మాత్రం రావద్దు."

రాజా పటం మీద మళ్ళీ వేలు పెట్టి కొలిచాడు. తర్వాత సాయిరాను పక్కకు పిలిచి ఏదో లెక్క వేశాడు. మళ్ళీ వచ్చి చెప్పాడు, తోటలో పట్టీ సన్నం చేయవచ్చట. యంత్రాలన్నీ ఒకే పక్కన నడిపిస్తే చివరి సాలు మిగులుతుందట. పని కొంచెం ఆలస్యమవుతుంది, పై వాళ్ళను తాను ఒప్పిస్తాడట. ఇంకో మాట కూడా అన్నాడు. ఇక మీదట ఏ ఊళ్ళోనైనా ముందు మీటింగు, తర్వాతే మేకులు. ఆ మాట సాయిరా వైపు చూడకుండా అన్నాడు. ఆమె కూడా అటు చూడకుండానే తల ఊపింది. అలా ఆమె ఉద్యోగం నిలిచింది.

చెట్లు కొట్టే రోజు సాయిరా పొద్దున్నే బస్సు దిగింది. రావాల్సిన పని లేదు, ఇంట్లో ఉండలేక వచ్చింది. రాఘవమ్మ ఇచ్చిన చీరే కట్టుకుంది. కాలనీ నుంచి జయశ్రీ, ఇంకొందరు ఆడవాళ్ళు గంపలతో వచ్చి, కొట్టబోయే చెట్ల కాయలన్నీ కోసి బాట మీద రాశి పోశారు. పెంచలప్రసాద్ వేరేవాళ్ళను చెయ్యి వెయ్యనివ్వకుండా రంపం మిషన్ తానే పట్టుకున్నాడు.

రంపం మొదలవగానే రాఘవమ్మ అక్కడ నిలబడలేకపోయింది. గబగబా బోరు దగ్గరికి పోయి మోటారు వేసింది. నీళ్ళు కాలవలో పడి బీడు వైపు పారాయి. పైపు ఆ దారిన రాదు కాబట్టి ఆ బీడు ఇప్పుడు ఆమెదే, ఏమైనా పెట్టుకోవచ్చు. గుంటలు అప్పటికే తవ్వి ఉన్నాయి. కొత్త నిమ్మమొక్కలు జానెడేసి ఉన్నాయి. ఆమె పార పట్టుకుని ఒక్కో పాదికీ నీళ్ళు పెట్టుకుంటూ పోతోంది. వెనక ఒక చెట్టు పడిన చప్పుడైనప్పుడల్లా ఆమె భుజాలు అదురుతున్నాయి.

సాయిరా చీర ఎగ్గట్టి బురదలోకి దిగింది. "అవ్వా, ఏడుస్తుండావా?"

"ఏడవకుండా ఎట్టుంటాను పాపా? ఆయన చేత్తో పెట్టినవి." రాఘవమ్మ చేతి వెనకతో ముక్కు తుడుచుకుంది. "ఇంకొక పార ఆడ ఉండాది, తీసుకో. ఆ పాది నిండినాది. మడవ ఇటు తిప్పు, ఆ చివర మొక్కకు ఇంకా నీళ్ళు అందలా."